టెక్ సందేహాలు: పదకొండు సీడీలు, వంద ముక్కలు

ప్రశ్న: తొంభైల మధ్యలో అమెరికాలో ఎం.ఎస్. చదివాను. అప్పుడు న్యూ వేవ్ పాటల (ఎనభైల నాటి ఒక రకం పాశ్చాత్య పాప్) పిచ్చి పట్టి సంకలనాల సీడీలు కొనేవాణ్ణి. రైనో కంపెనీ వాళ్ల ‘జస్ట్ కాంట్ గెట్ ఇనఫ్’ సిరీస్‌లో 11 డిస్కులు ఇంకా నా దగ్గరున్నాయి. మొన్న అట్టపెట్టె కిందికి దించితే మావాడు “అవన్నీ ఫోన్లోనే వస్తాయి డాడీ, పారేయ్” అన్నాడు. మనసొప్పలేదు. ఒక డిస్కును కంప్యూటర్లోకి ఎక్కించి చూస్తే పాటకో ఆల్బమ్ చొప్పున ముక్కలైపోయింది. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: పారేయకండి. ముందు మీ అబ్బాయి మాట సంగతి చూద్దాం. పాటలు చాలావరకు యాప్‌లలో దొరుకుతాయి, కాదనను. దొరికేది మీరు విన్న పాటేనా అన్నదగ్గరే పేచీ. మోడర్న్ ఇంగ్లిష్ బృందం ‘ఐ మెల్ట్ విత్ యూ’ను 1982లో విడుదల చేసి, 1990లో మళ్లీ రికార్డు చేసింది. న్యూ ఆర్డర్ వాళ్లు 1982 నాటి ‘టెంప్టేషన్’ను 1987లో ‘సబ్‌స్టాన్స్’ సంకలనం కోసం కొత్తగా పాడారు. పేరు అదే, బృందం అదే, వినగానే మాత్రం ఎక్కడో తేడా కొడుతుంది. దీనికి తోడు ఆ రోజుల్లో ఒకే పాట రేడియో కోసం ఏడంగుళాల రికార్డు మీద కురచగా, డాన్స్ క్లబ్బుల కోసం పన్నెండంగుళాల రికార్డు మీద పొడుగ్గా వచ్చేది. 1983లో ‘బ్లూ మండే’ ఏడున్నర నిమిషాల పాటగా వచ్చింది పన్నెండంగుళాల రికార్డు మీదే. మీ సీడీలో ఏ రూపం ఉందో ఆ రూపమే కావాలంటే సీడీయే దిక్కు.

ఇంకోటి, వరుస. మన దగ్గర క్యాసెట్ల కాలంలో రికార్డింగ్ షాపులో చీటీ రాసిచ్చి పాటలు ఎక్కించుకున్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక పాట అయిపోతుండగానే తర్వాతి పాట మొదలు మనసులో మోగిపోతుంది. రైనో వాళ్లు 1994, 95లలో 15 భాగాలుగా తెచ్చిన ఈ సిరీస్‌లో నాకు నచ్చేదీ అదే. ఒక్క హిట్టుతో కనుమరుగైన బృందాలు కూడా పెద్దవాళ్ల పక్కన దర్జాగా కూర్చుంటాయి. ఒక్కో పాట హక్కు ఒక్కో కంపెనీది కాబట్టి ఇలాంటి సంకలనం యాప్‌లో యథాతథంగా దొరకడం కష్టం.

ఇక పని. ఈ విషయంలో నేను ఒకసారి చేతులు కాల్చుకున్నాను. 2005లో నా సీడీలన్నీ సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3లుగా మార్చి, ఇక వీటితో పనేముందని డిస్కులు తలా ఒకటి పంచేశాను. హార్డ్‌డిస్క్‌లో చోటు మిగిలిందని మురిసిపోయాను కూడా. మంచి ఇయర్‌ఫోన్స్ కొన్నాక తెలిసింది, కంచు తాళాల చప్పుడు ఇసుక జల్లినట్టుందని. రెండు డిస్కులు ఇప్పటికీ మళ్లీ దొరకలేదు.

కాబట్టి ఫ్లాక్ ఫార్మాట్‌లోనే తీయండి. సీడీ శబ్దం 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. అంటే సెకనుకు 1,411 కిలోబిట్లు. ఫ్లాక్ అందులో ఒక్క బిట్టూ పోనివ్వకుండా సైజును దాదాపు సగానికి దించుతుంది. గంట నిడివి డిస్కుకు 350 నుంచి 400 ఎంబీ వేసుకోండి. మీ పదకొండూ కలిపి ఐదు జీబీ దాటవు.

యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి కొనుక్కోండి, ఖరీదైనదేమీ అక్కర్లేదు. విండోస్ అయితే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్ అయితే ఎక్స్‌ఎల్‌డీ వాడండి. రెండూ ఉచితమే. వీటినే ఎందుకంటే, గీత పడినచోట మామూలు సాఫ్ట్‌వేర్ చేతికొచ్చింది రాసేసి ముందుకెళ్లిపోతుంది, మనకు చెప్పదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ సెక్యూర్ మోడ్‌లో ప్రతి భాగాన్నీ కనీసం రెండుసార్లు చదివి సరిపోలుస్తుంది, తేడా వస్తే 82 సార్ల దాకా మళ్లీ చదువుతుంది. తర్వాత ఆక్యురేట్‌రిప్ అనే డేటాబేస్‌లో, అదే డిస్కును కాపీ చేసిన ఇతరుల డేటాకు కట్టిన లెక్కతో మీ డేటా లెక్క పోలుస్తుంది. కలిసిందంటే నిశ్చింత. ఒక డిస్కుకు గంట పట్టినా కంగారు పడకండి, ఈలోగా డిస్కుతో వచ్చిన పుస్తకం చదువుకోండి.

ఇప్పుడు అసలు తంటా, ఆ ముక్కల సంగతి. పాట ఫైలులో వివరాలు రాసే చోట ‘ఆర్టిస్ట్’ అనే గడి ఒకటి, ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అనే గడి ఇంకోటి ఉంటాయి. రెండోది ఖాళీగా ఉంటే చాలా ప్లేయర్లు ఆర్టిస్ట్ పేరును బట్టే ఆల్బమ్‌ను విడగొట్టేస్తాయి. ఒకే గాయకుడి సీడీకి ఇబ్బంది రాదు. సంకలనంలో పాటకో బృందం కదా, అందుకే మీ డిస్కు చెల్లాచెదురైంది. ఆ డిస్కులోని పాటలన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి ఆల్బమ్ ఆర్టిస్ట్‌గా ‘వేరియస్ ఆర్టిస్ట్స్’ అని పెట్టండి. ఆల్బమ్ పేరులో భాగం సంఖ్య అన్నిటికీ ఒకే తీరుగా ఉండాలి. ఒకచోట చుక్క, ఒకచోట కామా పడినా మళ్లీ రెండు ముక్కలే. పాటల వివరాలు నింపిపెట్టే మ్యూజిక్‌బ్రెయింజ్ పికార్డ్ అనే సాఫ్ట్‌వేర్ వాడితే ఈ చాకిరీ చాలావరకు అదే చేసేస్తుంది.

ఏడాది దగ్గర మాత్రం దాన్ని నమ్మకండి. సంకలనం వచ్చింది 1994లో కాబట్టి 1981 పాటకూ 1994 అనే వేస్తుంది. సంవత్సరం వారీగా వినాలనుకుంటే చేత్తో దిద్దుకోవడమే. నేను ఆదివారం పప్పుచారు మరిగేలోపు ఒక డిస్కు చొప్పున దిద్దుకున్నాను. విసుగనిపించలేదు.

ప్రశ్న: నా పాత సీడీల మీద గీతలున్నాయి. టూత్‌పేస్ట్ రుద్దితే పోతాయంటున్నారు, నిజమేనా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దు. మెత్తని తడిగుడ్డతో మధ్య నుంచి అంచువైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడవకూడదు. డేటా చుట్టుగా రాసి ఉంటుంది. అడ్డంగా పడ్డ గీతను డ్రైవ్ సరిదిద్దుకోగలదు, చుట్టు వెంబడి పడ్డ గీత వరసగా చాలా డేటాను మింగేస్తుంది. ఇంకో మాట, బొమ్మ ముద్రించిన పైవైపే నాజూకు. అల్యూమినియం పొర దాని కిందే పల్చగా ఉంటుంది. దీపం ముందు పట్టి చూడండి. సూది బెజ్జాల్లా వెలుతురు కనిపిస్తే ఆ డిస్కునే ముందు కాపీ చేయండి.

ప్రశ్న: ఫ్లాక్ పాటలు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో వింటే లాభం ఉందా? డిస్కు మారినప్పుడల్లా వాల్యూమ్ ఎగుడుదిగుడు కూడా అవుతోంది. – ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: మామూలు బ్లూటూత్ పాటను మళ్లీ కుదించి పంపుతుంది కాబట్టి పూర్తి లాభం ఉండదు. వైరు హెడ్‌ఫోన్స్ ఉంటే అవే వాడండి. వాల్యూమ్ సంగతికొస్తే, పాత సంకలనాలు తక్కువ శబ్దంతో, తర్వాత వచ్చినవి హోరుగా తయారయ్యాయి. పాటల శబ్దం స్థాయిని కొలిచే రీప్లేగెయిన్ స్కాన్ చేయించండి. అది పాటను ముట్టుకోదు, ఎంత తగ్గించాలో పక్కన చీటీ రాసిపెడుతుంది. స్కాన్ చేసేటప్పుడు ఆల్బమ్ మోడ్ ఎంచుకోండి, లేకపోతే మెల్లగా ఉండాల్సిన పాట కూడా పక్కదానితో సమానంగా అరుస్తుంది.