ముసుగు వేసుకునే ముందు

బేటా,

అస్సలాము అలైకుం. రంజాన్ పండుగ మరునాడు నువ్వూ నీ స్నేహితులూ బెజవాడ నుంచి గుంటూరు వచ్చి ఆసుపత్రిలో పిల్లల వార్డుకు వెళ్ళబోతున్నారనీ, నువ్వు స్పైడర్‌మ్యాన్ వేషం కట్టబోతున్నావనీ మీ అబ్బా నిన్న తరావీహ్ నమాజు నుంచి రాగానే ఫోన్ చేసి చెప్పాడు. చెప్పాడనడం కంటే మొరపెట్టుకున్నాడనడం సబబు. "ఆపా, తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేపితే లేవనివాడు ఈ వేషాలకు మాత్రం ముందుంటున్నాడు, నువ్వైనా నాలుగు చివాట్లు పెట్టు" అన్నాడు. చివాట్లు పెడదామనే కాగితం తీశాను గానీ, మన ఇంట్లో నర్సుగా పనిచేసిన నా తర్వాత ఆ వార్డు గుమ్మం తొక్కుతానన్నవాడివి నువ్వొక్కడివే అన్న సంగతి గుర్తుకొచ్చి కాసేపు కలం కదల్లేదు. సంతోషం ఎంత కలిగిందో భయమూ అంతే కలిగింది. ఆ భయం ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం పొడుగవుతోంది, విసుక్కోకుండా చదువు.

ముందు తేలిక విషయాలు. ఆసుపత్రి సూపరింటెండెంటు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ఆ కాగితం చేతిలో ఉన్నా సరే, వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌ను అడగనిదే లోపల అడుగు పెట్టకు. మీలో ఎవరికి జలుబు ఉన్నా, దగ్గు ఉన్నా వాళ్ళు ఇంటి దగ్గరే ఆగిపోవాలి. క్యాన్సర్ మందులు ఎక్కుతున్న పిల్లల రక్తంలో తెల్లకణాలు పడిపోయి ఉంటాయి, నీకు రెండు రోజుల తుమ్ములతో పోయేది వాళ్ళకు ప్రాణం మీదికి వస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కోండి. రోజూ నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడిగి వుజూ చేసేవాళ్ళకు ఇది నేర్పాలా? పూలు వద్దు, ఫోటోలు అసలే వద్దు. మూడు నాలుగేళ్ళ లోపు పిల్లలు కళ్ళు కనిపించని ముఖాన్ని చూస్తే హడలిపోతారు, వాళ్ళ మంచాల దగ్గర ముసుగు తీసి చేతిలో పట్టుకో. ఇక బండి మీద మాత్రం రావద్దు. వారధి దాటిన దగ్గర నుంచి మంగళగిరి, కాజ టోల్‌గేటు మీదుగా లారీల మధ్య నువ్వు బండి నడుపుకుంటూ వస్తున్నావని తెలిస్తే ఆ రోజు నాకు అన్నం సహించదు. పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కు. ఈ మాట నేను మళ్ళీ అంటాను, తప్పదు.

పాలూ సేమియాలతో చేసే షీర్ ఖుర్మా డబ్బాలు తెస్తామన్నారట. పిల్లలకు ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో డాక్టరు చెప్పాలి గానీ మనం కాదు. దాన్ని వరండాలో చాపలు పరుచుకుని ఉన్న తల్లులకు పెట్టండి. పిల్లవాడికి తెచ్చిన ఇడ్లీలో వాడు వదిలేసిన ముక్కే ఆ తల్లికి ఆ పూట భోజనం; 34 ఏళ్ళ ఉద్యోగంలో ఇది నేను చూడని రోజు లేదు. వాళ్ళలో హిందువులుంటారు, క్రైస్తవులుంటారు, మనవాళ్ళుంటారు, పెట్టేటప్పుడు ఎవరని అడగవద్దు. ఇంకొకటి, మీరు వసూలు చేసిన సొమ్ములో ఎవరైనా విధి దానమైన జకాత్ కింద ఇచ్చింది ఉంటే దాన్ని విడిగా ఉంచు. జకాత్ ఎవరికి చెందాలో అల్లాహ్ ఖురాన్ తౌబా సూరాలో ఎనిమిది వర్గాలుగా చెప్పేశాడు, వేషాలూ బుడగలూ అందులో లేవు. పండుగ దానమైన ఫిత్రా అయితే పండుగ నమాజుకు ముందే పేదలకు చేరిపోవాలి, మరునాటి దాకా నీ జేబులో ఉండకూడదు.

ఇక మీ అబ్బా బెంగ. కాపాడేవాడు అల్లాహ్ ఒక్కడే అయినప్పుడు, గోడలెక్కేవాణ్ణీ గాల్లో ఎగిరేవాణ్ణీ రక్షకులని పిల్లలకు చూపించడం మన దీన్‌కు పొసగుతుందా అని అడిగాడు. నేను ధర్మశాస్త్రం చదువుకున్న ఆలిమాను కాను, ఆ తీర్పు మీ మసీదు ఇమాము గారిని అడిగి తెలుసుకోండి. ఆ సినిమాలు నాకు ఇష్టమని మాత్రం దాచుకోను. మనవరాలు పక్కన కూర్చోబెట్టుకుని కథ చెబుతూ చూపిస్తుంది. 1962లో అమెరికాలో కాగితం మీద పుట్టిన ఆ సాలీడు కుర్రవాడంటే నాకు ముచ్చట, ఎందుకంటే వాడు పేదింటి బిడ్డ, ఎక్కడికీ వేళకు వెళ్ళలేడు. జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబంలో పుట్టిన కమలా ఖాన్ అనే అమ్మాయి ఉంది కదా, 2014లో సొంత కామిక్ మొదలైన పిల్ల, ఆమె మొదటిసారి ఒకరి ప్రాణం కాపాడబోతూ తలుచుకునేది మన మాయిదా సూరాలోని మాటనే: ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు మానవులందరినీ కాపాడినట్టే. అది విన్న రోజు నేను మీ అబ్బాకు ఫోన్ చేసి మరీ చెప్పాను, మరిచిపోయినట్టున్నాడు. నాకున్న గొడవల్లా ఒక్కటే. ఆ సినిమాల్లో మేడలు కూలిపోతాయి, కార్లు గాల్లోకి లేస్తాయి, అయినా ఆ శిథిలాల కింద ఎవరున్నారో ఒక్కరూ వంగి చూడరు. స్ట్రెచర్ పట్టేవాళ్ళు ఎప్పుడొస్తారా అని నేను తెర మూలలు వెతుకుతూ కూర్చుంటాను.

సినిమా చూసి ఆనందించడంలో నేను తప్పు పట్టను. ఆ వేషంలో నిలబడి మాట ఇవ్వడం వేరు. అక్కడే నేను జారాను.

1983. నాకు 26 ఏళ్ళు. నేను అప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రిలో రేపల్లె వైపు పల్లె నుంచి వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఉండేవాడు. రక్త క్యాన్సర్. పేరు రాయను. ఎన్టీ రామారావు గారు సూపర్‌మ్యాన్‌గా వేసిన 1980 నాటి సినిమాను వాళ్ళ ఊరి టూరింగ్ టాకీసులో చూశాడట, మంచాల మీద వేసే ఎర్ర కంబళిని మెడకు ముడివేసుకుని పొద్దస్తమానం మంచం మీద నిలబడేవాడు. ఆ కంబళి గరుకు. ముడి రాసుకున్న చోట మెడ కింద ఎర్రటి చార పడేది, దానికి నేను రాత్రిపూట కొబ్బరినూనె రాసేదాన్ని.

ఒక మంగళవారం వాడి వెన్నులో సూది గుచ్చి నీరు తీయవలసి వచ్చింది. దానికి పిల్లవాడు మోకాళ్ళు కడుపుకూ గడ్డం ఛాతీకీ ఆనించి, రొయ్యలా ముడుచుకుని, ఊపిరి తప్ప మరేదీ కదలకుండా పడుకోవాలి. వాడు గింజుకుంటున్నాడు, డాక్టరు గారు విసుక్కుంటున్నారు, బయట మరో ఇద్దరు పిల్లలు వరసలో ఉన్నారు. నేను వాడి చెవి దగ్గర వంగి, "కదలకుండా ఉన్నావంటే శుక్రవారం సూపర్‌మ్యాన్‌ను నీ మంచం దగ్గరికి తీసుకొస్తాను, ఆయన వచ్చాడంటే నీ జ్వరం ఇక కనబడదు" అన్నాను. వార్డుబాయ్‌కు నీలం చొక్కా తొడిగి తీసుకురావచ్చు లెమ్మని మనసులో అనుకున్నాను. ఇన్షా అల్లాహ్, అంటే అల్లాహ్ తలిస్తే, అని అనలేదు. వాడు కదలలేదు బేటా. సూది లోపలికి దిగినా కదలలేదు.

గురువారం, దొరకదనుకున్న సెలవు దొరికింది. బెజవాడలో మా ఖాలా కూతురి నిఖా. మూడు రోజులు మెహందీ పెట్టుకుని, బిర్యానీ తిని, పాటలు పాడుకుని ఆదివారం రాత్రి డ్యూటీకి వచ్చాను. అన్న మాట నా మనసులో ఒక్కసారి కూడా మెదలలేదు. రాత్రి సిస్టరు చెప్పింది: శుక్రవారం తెల్లవారుజాము నుంచి వాడు గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడట, మొహం కడగడానికి కూడా కంబళి విప్పనివ్వలేదట, ఆయన దారి తప్పిపోతాడేమో, మన వార్డు నంబరు చెప్పి రమ్మని తల్లిని రెండుసార్లు గేటు దాకా పంపాడట.

నేను వెళ్ళేసరికి మెలకువగానే ఉన్నాడు. కోప్పడలేదు. "సిస్టరమ్మా, నాది ఆయన కూడా రాలేనంత పెద్ద జబ్బా?" అని అడిగాడు.

నేనే మరిచిపోయానని చెప్పాను. అది నిజమే. వాడు నమ్మలేదు; తన జబ్బు సంగతి పెద్దవాళ్ళు దాచిపెట్టడం వాడు అప్పటికే చాలాసార్లు చూసి ఉన్నాడు. సోమవారం వార్డుబాయ్‌కు నీలం చొక్కా తొడిగి తీసుకెళ్ళాను. వాడు ఎగాదిగా చూసి, "నువ్వు మా వార్డు అన్నవే కదా" అని మర్యాదగా నవ్వాడు. ఆ తర్వాత సూదికి వాణ్ణి ముగ్గురం కలిసి పట్టుకోవలసి వచ్చింది. ఇది నొప్పి పెట్టదు నాన్నా అని నిజమే చెప్పిన రోజున కూడా గోడ వైపు తిరిగాడు. సంక్రాంతికి ముందే వెళ్ళిపోయాడు. కంబళి ఉతికించి మరో మంచానికి వేశారు, దాని ఒక అంచున మాత్రం ముడి పడ్డ మడత పోలేదు.

జబ్బు మేము ఆపగలిగింది కాదు, ఆ కాలంలో ఆ మందులతో. కానీ వాడు నా మీద పెట్టుకున్న నమ్మకాన్ని నేనే పోగొట్టాను, స్వస్థత అల్లాహ్ చేతిలో ఉండగా దాన్ని ఒక నీలం చొక్కాకు ముడిపెట్టాను. చాలా ఏళ్ళ తర్వాత ఒక రంజాన్‌లో కహ్ఫ్ సూరా చదువుతుంటే, అల్లాహ్ తలిస్తే అని కలపకుండా దేని గురించీ రేపు చేస్తానని అనవద్దన్న ఆయతు దగ్గర ఆగిపోయాను. అంతకు ముందు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే హదీసులో ఒక తల్లి ఉంది, తన బిడ్డను "రా, ఏదైనా ఇస్తాను" అని పిలిచింది. అక్కడే ఉన్న ప్రవక్త (స) ఏమివ్వాలనుకున్నావని అడిగితే ఖర్జూరం అంది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ మీద ఒక అబద్ధం రాయబడేదన్నారు ఆయన. ఒక్క ఖర్జూరం గురించి అంత మాట అన్నారు.

అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను. ఆ ముసుగులో ఉన్నప్పుడు నువ్వు మా తమ్ముడి కొడుకువని ఆ పిల్లలకు తెలియదు, నువ్వు ఏమన్నా అది చేయగలవాడే అన్నాడనుకుంటారు. "నా జబ్బు పోగొడతావా" అని ఎవరో ఒకరు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. అది నా చేతిలో లేదమ్మా, నీతో ఆడుకోవడానికి వచ్చాను అని చెప్పు, చెప్పి నిజంగా ఆడు. నిలబడి మాట్లాడకు, స్టూలు లాక్కుని వాళ్ళ కళ్ళ ఎత్తుకు కూర్చో. మళ్ళీ వస్తానని నోరు జారకు. జారావా, తేదీ సిస్టర్ దగ్గర పుస్తకంలో రాయించి, జ్వరమొస్తే తప్ప ఆ తేదీకి అక్కడ ఉండు.

లాప్‌టాప్‌లో సినిమా వేస్తామన్నారు కదా, దాన్ని ముందుగా నువ్వొక్కడివే కూర్చుని ఆ పిల్లల కళ్ళతో చూడు. ఈ వీరుల కథల్లో చాలామంది అనాథలే. ఒకడికి గ్రహమే పేలిపోతుంది, ఒకడి తల్లిదండ్రులను వీధిలో కాల్చేస్తారు, నీ సాలీడు కుర్రవాణ్ణి పెంచిన పెదనాన్న పోతాడు. తల్లి పక్కన లేకుండా పడుకున్న పిల్ల వార్డులో ఒకరైనా ఉంటుంది. మన ప్రవక్త (స) పుట్టకముందే తండ్రినీ, ఆరేళ్ళకు తల్లినీ పోగొట్టుకున్నవారు. అనాథ పట్ల కఠినంగా ఉండవద్దని అల్లాహ్ చెప్పింది ఆయనకే. కాబట్టి ఆ దృశ్యాలు దాటించి, ఎగిరే చోట్లూ నవ్వే చోట్లూ మాత్రమే వెయ్యి, శబ్దం తగ్గించి వెయ్యి.

ముసుగులో నాకు నచ్చింది ఒకటుంది, ఇచ్చినవాడెవడో ఎవరికీ తెలియదు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియనట్టు ఇచ్చేవాడికి ప్రళయదినాన అల్లాహ్ నీడ దొరుకుతుందంటారు కదా. మీ అబ్బాకు ఈ ముక్క నేనే చెబుతాను, నువ్వు వాదించి అతని ఉపవాసం పాడుచేయకు. ఫజర్‌కు మాత్రం లే. ఆ ఫిర్యాదులో నేను నీ పక్షం కాదు.

ఈ ఉత్తరంతో పాటు రెండు వేలు పంపుతున్నాను. ఇది జకాత్ కాదు, నా పెన్షన్, వేషానికి వాడుకో. ఆ ముసుగును పండుగకు రెండు రోజుల ముందు ఒకసారి ఇంటికి తీసుకురా. బజారు కుట్లు లోపలి వైపు గరుకుగా ఉంటాయి, మెడ దగ్గర రాసుకుంటాయి. పాత మల్లుగుడ్డ లోపల వేసి కుట్టిస్తాను. బస్సులో రా.

నీ ఫూఫీ
గుంటూరు