టెక్ సందేహాలు: పుట్టుమచ్చను చూసి క్యాన్సర్ చెప్పే యాప్‌లు

ప్రశ్న: అమ్మకు అరికాల్లో నల్లమచ్చ వచ్చింది. ఆర్నెల్లుగా పెరుగుతున్నట్టే ఉంది. నా ఫోన్‌లోని స్కిన్ స్కానర్ యాప్ ‘లో రిస్క్’ అని పచ్చ టిక్కు చూపించింది. నాన్న ఫోన్‌లోని యాప్ మాత్రం డాక్టర్‌ని కలవమంది. రెండింట్లో ఏది నమ్మాలి?
– ఓ పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: రెండూ వద్దు. అమ్మను ఈ వారంలోనే చర్మవ్యాధుల డాక్టర్‌కి చూపించండి. విక్టోరియా, బౌరింగ్ ఆస్పత్రుల్లోనూ చర్మ విభాగాలున్నాయి. డాక్టర్ చర్మాన్ని పెద్దగా చేసి చూపే డెర్మటోస్కోప్ పెట్టి చూస్తారు, అనుమానముంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. తేల్చేది ఆ బయాప్సీయే.

వైట్‌ఫీల్డ్ నుంచీ ఎలక్ట్రానిక్ సిటీ నుంచీ ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్లే. ఆఫీసులో ఏ ఏఐ మోడల్‌ని చూసినా ‘దీనికి ఏ డేటాతో ట్రెయినింగ్ ఇచ్చారు’ అని ముందు అడిగేవాళ్లు, అమ్మ కాలి దగ్గరికొచ్చేసరికి ఆ మాటే ఎత్తరు. చర్మం ఫోటోల పెద్ద డేటాసెట్లలో ఎక్కువ భాగం తెల్లవాళ్లవి. మన ఛాయ వాళ్లలో మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే ప్రమాదకరమైన క్యాన్సర్, ఎక్కువగా వచ్చేదేమో అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద. బాబ్ మార్లే 1981లో చనిపోయింది కాలి బొటనవేలి గోటి కింద మొదలైన మెలనోమాతోనే. మొదట్లో దాన్ని ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బ అనుకున్నారు.

2013లో అమెరికా డాక్టర్లు ఇలాంటి నాలుగు యాప్‌లను పరీక్షించారు. అందులో మూడు, నూటికి 30కి తక్కువ కాకుండా మెలనోమాలను చూసి ‘ఫర్లేదు’ అన్నాయి. ఆ పచ్చ టిక్కు చూసే జనం డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేస్తారు. దాని కిందే, కంటికి ఆనని అక్షరాల్లో ‘ఇది వైద్య సలహా కాదు’ అని ఉంటుంది. రోగం పట్టే సాఫ్ట్‌వేర్ మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాల కిందికే వస్తుంది. అది తప్పించుకోవడానికి ‘వెల్‌నెస్’ అని పేరు పెట్టుకుని, తీర్పు మాత్రం డాక్టర్‌లా చెప్పడం అన్యాయం.

ఫోటో తీసుకోవడమైతే మంచిదే. మచ్చ మారిందా లేదా అని డాక్టర్‌కి చెప్పడానికి పాత ఫోటో బాగా పనికొస్తుంది. కానీ ఇప్పటి ఫోన్లు కొన్ని, చర్మాన్ని నున్నగా చూపే బ్యూటీ మోడ్‌ని ముందే ఆన్ చేసి ఇస్తున్నాయి. ముఖం మీది మచ్చ అంచును నున్నగా చేసి, రెండు మూడు రంగులను ఒకే రంగులో కలిపేస్తున్నాయి. డాక్టర్లు వెతికేది సరిగ్గా వాటినే: ఒక సగం ఇంకో సగంలా లేకపోవడం, ఎగుడుదిగుడుగా ఉన్న అంచు, ఒకే మచ్చలో రకరకాల రంగులు, 6 మిల్లీమీటర్లు దాటిన సైజు, అన్నిటికంటే ముఖ్యంగా మార్పు. మానని పుండు, ఊరికే రక్తం కారే బుడిపె, గోటి మీద వెడల్పవుతున్న నల్లగీత కూడా చూపించుకోవాల్సినవే. ఆ గీత నలుపు గోరు చుట్టూ ఉన్న చర్మంలోకి పాకితే అసలు ఆగకూడదు. వాడేవాళ్లు అడగకుండా చర్మాన్ని మార్చే కెమెరా నా దృష్టిలో చెడ్డ కెమెరా. ఆఫ్ చేసి పెట్టుకున్నా, అప్‌డేట్ తర్వాత ఓసారి సెట్టింగ్స్ చూసుకోండి.

వెనక కెమెరాతో, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి తీయండి. డాక్టర్‌కి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే వివరాలు పోవు.

నన్ను అన్నిటికంటే భయపెడుతున్నది ఆ ఫోటోలు ఎక్కడికి పోతున్నాయన్నదే. మొన్న ఒకావిడ రాశారు: యాప్ గ్యాలరీ మొత్తానికి పర్మిషన్ అడిగింది, ఫోన్ నంబరు, లొకేషన్ కూడా అడిగింది, అన్నీ ఇచ్చేశానని. ఆమె తీసింది తొడ మీది మచ్చ. అంటే పేరు, నంబరు, ఇల్లున్న చోటు, ఒంటి ఫోటో అన్నీ ఒకేచోట, ఎవరిదో తెలియని సర్వర్‌లో ఉన్నాయి. పాస్‌వర్డ్ లీకైతే మార్చుకోవచ్చు, ఒళ్లు మార్చుకోలేం. ఉచితంగా స్కాన్ చేస్తామనేవాళ్లకు ఆ ఫోటోలే పెట్టుబడి కావచ్చు. యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన సర్వర్‌లోవి పోవు. ముందు యాప్ లోపలికెళ్లి అకౌంట్ డిలీట్ చేయండి, నా ఫోటోలు తీసేయండని మెయిల్ పెట్టండి, ఆ తర్వాతే యాప్ తీసేయండి. మీరూ, మీ నాన్నగారూ ఇదే వరసలో చేయండి. ఇకమీదట ఏ యాప్‌కైనా గ్యాలరీ అంతా కాకుండా ఎంచుకున్న ఫోటోలకే అనుమతి ఇవ్వండి.

ఈ ఫోటోలు బయటపడే ఇంకో దారి ఇంట్లోనే ఉంది: ఆటో బ్యాకప్, అంటే ఫోన్‌లోని ఫోటోలు వాటంతటవే నెట్‌లోని అకౌంట్‌లోకి చేరిపోవడం. కుటుంబమంతా ఒకే అకౌంట్ వాడే ఇళ్లలో ఈ ఫోటోలు హాల్లో టీవీ స్క్రీన్‌సేవర్‌గా తిరగొచ్చు. లాక్ చేసిన ఫోల్డర్‌లో పెట్టండి.

ప్రశ్న: నా వాచీ మధ్యాహ్నం యూవీ ఇండెక్స్ 11 చూపిస్తోంది. సరిగ్గా చూపించే ఖరీదైన వాచీ కొనాలా?
– ఓ పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: అక్కర్లేదు. యూవీ ఇండెక్స్ అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే అంకె. చాలా వాచీల్లో అది సెన్సర్ కొలిచింది కాదు, నెట్ నుంచి వచ్చే వాతావరణ సమాచారం. 11 అంటే ఆ స్కేలులో అత్యంత తీవ్రం, వేసవి మధ్యాహ్నాల్లో బెంగళూరుకు మామూలే. ఆ వేళ గొడుగు, ఫుల్ హ్యాండ్స్ చాలు. కానీ అరికాళ్లలో, గోళ్ల కింద వచ్చే మెలనోమాకు ఎండతో పెద్దగా సంబంధం లేదు, కాబట్టి వాచీలో అంకె తక్కువుందని అక్కడి మచ్చను వదిలేయకండి.