నల్లమందు యుద్ధాల నాటి బొమ్మల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

చైనా మీద బ్రిటిష్ సేనలు చేసిన యుద్ధాల చిత్రాలు చరిత్రకు ఆధారంగా పనికొస్తాయా, వేటితో మొదలుపెట్టాలి అని అడిగారు. పనికొస్తాయి. చాలా ఏళ్ళుగా ఆన్‌లైన్ సేకరణల్లో వీటిని వెతికి చూస్తున్నాను. ఏ బొమ్మ దొరికినా నేను ముందు చూసేది, గీసినవాడు ఆ చోట ఉన్నాడా లేదా అనే.

ఉన్నవాళ్ళలో నాకు బాగా ఇష్టమైనవాడు ఎడ్వర్డ్ క్రీ. నౌకాదళ డాక్టరు. మొదటి యుద్ధంలో (1839–42) ర్యాటిల్‌స్నేక్ ఓడలో పనిచేస్తూ డైరీ రాసుకున్నాడు, అందులోనే నీటిరంగుల బొమ్మలు వేసుకున్నాడు. అమ్మకానికి గీసినవి కావు కాబట్టి వీరత్వం చూపించాలన్న తాపత్రయం వాటిలో తక్కువ. ఆ డైరీలు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి. మొదలుపెట్టేదేదో వీటితోనే మొదలుపెట్టండి.

ఆంగ్ల చిత్రకారుడు థామస్ అల్లమ్ సంగతి వేరు. ఆయన చైనా దృశ్యాలు 1843లో అచ్చయ్యాయి, ఇప్పటికీ తరచూ కనిపిస్తాయి. కానీ ఆయన చైనాకు వెళ్ళనే లేదు. వెళ్ళొచ్చిన అధికారుల స్కెచ్‌లు, అంతకుముందువాళ్ళ బొమ్మలు దగ్గర పెట్టుకుని గీశాడు. నెమెసిస్ అనే ఇనప స్టీమరు చైనా జంకు ఓడల్ని (తెరచాప ఓడల్ని) పేల్చేస్తున్న ప్రసిద్ధ చిత్రం కూడా చూసే ఉంటారు. ఆ పోరాటం 1841 జనవరి 7న జరిగింది. చిత్రం మాత్రం రెండేళ్ళ తర్వాత ఎడ్వర్డ్ డంకన్ అనే ఆంగ్ల చిత్రకారుడి పేరుతో వచ్చింది. ఇలాంటి ప్రింట్ల అడుగున సాధారణంగా ఎడమవైపు చిత్రకారుడి పేరు, కుడివైపు అచ్చు పలక చెక్కినవాడి పేరు ఉంటాయి. అది తప్పకుండా చదవండి.

మరి ఫోటో అయితే నమ్మేయొచ్చా? నా అభిప్రాయంలో ఎక్కువ జాగ్రత్త అక్కడే కావాలి. రెండో యుద్ధంలో (1856–60), 1860 ఆగస్టు 21న ఉత్తర చైనా తీరంలోని టాకు కోట పడిపోయాక ఫెలీస్ బియాటో అనే ఫోటోగ్రాఫర్ లోపలికి వెళ్ళి చైనా సైనికుల శవాల్ని ఫోటో తీశాడు. ఒకచోట పడివున్న శవాలు ‘అందంగా’ ఉన్నాయని, తాను ఫోటో తీసేదాకా వాటిని కదపొద్దని ఆయన బతిమాలినట్టు అక్కడే ఉన్న సైనిక వైద్యుడు రెన్నీ రాశాడు. ఆ సంగతి తెలిశాక ఆ ఫోటోను మామూలుగా చూడలేకపోయాను. రెండేళ్ళ ముందు లక్నో సికందర్ బాగ్‌లో, 1857 తిరుగుబాటులో చనిపోయిన సిపాయిల ఎముకలతో ఉన్న ఫోటో తీసింది కూడా ఈయనే. కోట గోడలు, నిచ్చెనలు, ఫిరంగులు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఆ ఫోటోలను మించినవి లేవు. అయితే ఎవరి శవాలు చూపించాలి, ఎవరివి చూపించకూడదు అన్నది గెలిచినవాళ్ళ చేతిలో ఉంది.

మనకు దగ్గర విషయం ఇంకొకటి. మొదటి యుద్ధంలో మద్రాస్ సైన్యం దళాలు చాలానే వెళ్ళాయి. ఆ సైన్యంలో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1841 మే 30న కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) దగ్గర శాన్‌యువాన్‌లిలో, కుండపోత వానలో 37వ మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ కంపెనీ ఒకటి దారి తప్పింది. తుపాకులు తడిసి పేలలేదు. కోపంతో మీదికొచ్చిన ఊళ్ళవాళ్ళ మధ్య బయొనెట్లతోనే నిలబడ్డారు. చివరికి వానకు తడిసినా పేలే కొత్తరకం తుపాకులున్న మెరీన్లు (నౌకాదళ సైనికులు) వెళ్ళి వాళ్ళను తీసుకొచ్చారు. నేను చూసిన అచ్చు చిత్రాల్లో ఎక్కువగా ఓడలు, ఇంగ్లిష్ అధికారులే ముందు కనిపిస్తారు. సిపాయిల కోసం వెతికేవాళ్ళు బొమ్మలతో పాటు ఆ దళాల రికార్డులు కూడా చదవాలి.

బియాటో ఫోటోలు గెట్టీ మ్యూజియం సైట్‌లో ఉన్నాయి. సైనిక ప్రింట్లకైతే బ్రౌన్ యూనివర్సిటీలోని ఆన్ ఎస్. కె. బ్రౌన్ సేకరణ చూడండి.