కారు స్టార్ట్ కాక టకటకమంటోంది, బ్యాటరీ పోయినట్టేనా?

తాళం తిప్పగానే టకటకమని చప్పుడు, ఇంజను మాత్రం తిరగదు. కరెంటు చాలడం లేదని దానర్థం. అంతమాత్రాన బ్యాటరీ పోయిందని కాదు.

ముందు బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినళ్లు, అంటే వైర్లు బిగించే కొసలు, చూడండి. తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పేరుకుంటే చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది. చేతులకు గ్లవుజులు వేసుకుని, 10 నంబరు స్పానరుతో మొదట నెగటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పండి. క్రమం తప్పితే స్పానరు కారు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. గ్లాసు వేడినీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పోస్తే ఆ పొడి బుసబుస పొంగుతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి ఆరనిచ్చి, ఈసారి పాజిటివ్ ముందు బిగించండి. చేత్తో తిప్పితే వైరు చివరి క్లాంపు కదలకూడదు.

అయినా అదే తీరైతే వోల్టులు కొలిచే మల్టీమీటర్ బ్యాటరీకి పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న కారులో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం, 12 లోపుంటే ఖాళీ. ఇంకో బ్యాటరీ సాయంతో స్టార్ట్ చేశాక మళ్లీ కొలవండి. సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. 12 దగ్గరే ఆగిందంటే, ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీని నింపాల్సిన ఆల్టర్నేటర్ చార్జ్ చేయడం లేదు. ఈ రెండో కొలత తీయకుండా నేనొకసారి కొత్త బ్యాటరీ కొన్నాను. నాలుగో రోజుకు అదీ పడుకుంది. తీరా చూస్తే ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు వదులు!

లైట్లు దేదీప్యమానంగా వెలుగుతూ ఒక్క 'టక్' మాత్రమే వినిపిస్తే ఇంజనును మొదట తిప్పే స్టార్టర్ మోటార్‌ను అనుమానించాలి. అది మెకానిక్ పని.