బెల్టుకు పగుళ్లు లేవు, అయినా మార్చాలా?

ప్రశ్న: మాది 2017 మోడల్ పెట్రోల్ కారు, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. సర్వీసుకి ఇస్తే ఫ్యాన్ బెల్ట్ అరిగిపోయింది, మార్చాలన్నారు. బానెట్ ఎత్తి ఫోన్‌తో ఫొటో తీసి ఏఐ యాప్‌కి చూపించాను. పగుళ్లు లేవు, బాగానే ఉందంది. ఎవరిని నమ్మాలి? ఫొటో జత చేశాను. - కరీంనగర్ పాఠకుడు

జవాబు: మీ ఫొటోలో ఉన్నది బెల్టు వీపు. నున్నగా ఉండే ఆ వైపు చూసి అరుగుదల గురించి చెప్పడం యాప్ వల్ల కాదు, నా వల్లా కాదు. చూడాల్సింది లోపలి వైపు, పొడవునా దున్నిన సాళ్లలా గాడులు ఉండే వైపు.

పగుళ్లు లేవన్న మాట కూడా పాత లెక్కే. ఒకప్పుడు ఈ బెల్టులు నియోప్రిన్ రబ్బరుతో వచ్చేవి. అవి ముసలివైతే అడ్డంగా చీలికలు పడేవి, చూడగానే తెలిసేది. ఇప్పటివి ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి. ఇవి తొందరగా పగలవు. టైరు అరిగినట్టు నిదానంగా అరుగుతాయి. రబ్బరు పోయేకొద్దీ గాడి వెడల్పవుతుంది, బెల్టు తాను తిప్పే చక్రంలోకి, అంటే పుల్లీలోకి, ఇంకా లోతుగా దిగుతుంది. పట్టు ఉండేది గాడి పక్క గోడల మీద. బెల్టు పుల్లీ గాడి అడుగుకు తగిలిందంటే ఆ పట్టు పోయి జారడం మొదలవుతుంది. పైకి మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది, అదే చిక్కు.

మా కారు బెల్టు మార్చినప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాను. పాతదానికి ఒక్క పగులు లేదు. గోరు పెట్టి చూస్తే తేడా తెలిసింది. కొత్తదాని గాడి ఇరుకుగా ఉంది, గోరు మధ్యలోనే ఆగింది. పాతదానిలో అడుగు దాకా దిగింది.

మీరే చూడాలంటే ఇంజిన్ చల్లారాక, తాళం తీసి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరుగుతుంది, దాని దగ్గరకు వేళ్లు పోనివ్వద్దు. రెండు పుల్లీల మధ్య లోపలి వైపు కనిపించే చోట ఫోన్‌ని దగ్గరగా పెట్టి, వేరే టార్చ్ లైటు పక్కనుంచి ఏటవాలుగా పడేలా చూడండి. ఫోన్ ఫ్లాష్ ఎదురుగా పడితే గాడులన్నీ చదునుగా కనిపిస్తాయి. వెలుగు పక్కనుంచి పడితేనే నీడల్లో లోతు తెలుస్తుంది. ఒక్కసారికి కనిపించేది నాలుగైదు అంగుళాలే. బానెట్ దగ్గర్నుంచి పక్కకు జరిగి ఒక్క క్షణం స్టార్ట్ చేసి ఆపి, మళ్లీ తాళం తీసి ఇంకో ముక్క చూడండి. అంచుల్లో దారాలు లేచినా, ఎక్కడైనా రబ్బరు ముక్క ఊడినా, గాజులా మెరుస్తున్నా, ఆయిల్ తడి ఉన్నా ఇక ఆలోచించొద్దు. గాడి లోతు కొలిచే చిన్న ప్లాస్టిక్ గేజ్ సర్వీసు వాళ్ల దగ్గరుంటే, అది పెట్టి చూపించమని అడగండి. గాడిలో పెట్టిన గేజ్ గట్ల కంటే కిందికి దిగిపోతే మార్చాల్సిందే.

అన్నట్టు, పేరు ఫ్యాన్ బెల్టే గానీ ఇప్పటి చాలా కార్లలో ఫ్యాన్‌ని తిప్పేది మోటారు. బెల్టు తిప్పేది బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని, ఏసీ కంప్రెసర్‌ని, చాలా వాటిలో వాటర్ పంపుని కూడా. అలాంటి కారులో బెల్టు తెగితే బ్యాటరీ లైటు వెలిగి, కాసేపట్లోనే ఇంజిన్ వేడెక్కుతుంది. పక్కకు తీసి ఆపేయాలి. 82 వేలు తిరిగిన బెల్టు విషయంలో నేనైతే సర్వీసు వాళ్ల మాటే వింటాను, పాతది చేతికి ఇమ్మని అడుగుతాను.

ప్రశ్న: వాన పడ్డ రోజు స్టార్ట్ చేస్తే బెల్టు దగ్గర కీచుమంటోంది. స్ప్రే కొడితే పోతుందా? - భీమవరం పాఠకురాలు

జవాబు: స్ప్రే వద్దండీ. శబ్దం నాలుగు రోజులు ఆగుతుంది, జిగురుకు దుమ్ము పట్టి బెల్టు ఇంకా పాడవుతుంది. గాడులు అరిగిన బెల్టులో నీళ్లు బయటికి పోయే చోటు తగ్గుతుంది, అందుకే వానలో జారి అరుస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా మెకానిక్ చేత గాడుల వైపు కాసిన్ని నీళ్లు చిమ్మించి వినండి. చున్నీ, కొంగు దగ్గర లేకుండా దూరంగా నిలబడండి. అరుపు పెరిగితే బెల్టు జారుతున్నట్టు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా చూడాలి. కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేవు. అప్పుడు కొత్త బెల్టు వేసినా ఆ శబ్దం పోదు, ముందు పుల్లీ సరిచేయించండి.