మెట్ల కింద టాయిలెట్టే కట్టించండి, సామాన్లకు ఇంకో చోటు దొరుకుతుంది

డూప్లెక్స్ కడుతున్నామని, కింద బెడ్‌రూంకి ఎలాగూ అటాచ్డ్ బాత్రూం ఉంది కాబట్టి మెట్ల కింద మిగిలిన జాగాని స్టోర్ రూం చేసుకోవాలా, హాల్లోకి తలుపు ఉండే చిన్న టాయిలెట్ పెట్టించాలా అని అడిగారు. మీ అత్తగారు స్టోర్ రూం కావాలంటున్నారని కూడా రాశారు. నా జవాబు టాయిలెట్. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. ఎందుకంటే అచ్చం మీ ప్లాన్ లాంటి ఇంట్లోనే నేను కాపురం చేస్తున్నాను.

గుంటూరులో మా మామగారు కట్టించిన ఇల్లు ఇది. కింద హాలు, వంటగది, ఒక బెడ్‌రూం, పైన రెండు. మెట్ల కింద స్టోర్ రూం ఉండేది. కింద ఉన్న ఒక్క బాత్రూంకి వెళ్లాలంటే బెడ్‌రూంలోంచే వెళ్లాలి. ప్లాన్ కాగితం మీద చూస్తే ఇది లోటుగా కనిపించదు. “కింద ఒకటి ఉందిగా” అంటారు ఇంజినీరు. ఉంది, కానీ ఆ గదిలో ఎవరో ఒకరు పడుకుని ఉంటారు. మామగారికి బాగోలేని రోజుల్లో ఆయన నిద్ర చెడుతుందని ఇంటికొచ్చినవాళ్లు ఆ గది గడప తొక్కేవాళ్లు కాదు. చుట్టాలు కాసేపు కూర్చుని, కాఫీ కూడా వద్దని, తొందరగా వెళ్లిపోయేవాళ్లు. అది మర్యాద అనుకునేవాళ్లం.

మా అమ్మాయి మొదటి కాన్పుకి మా ఇంటికే వచ్చింది. బారసాల నడి ఎండాకాలంలో పడింది. కింది గదిలో బాలింత, పసిపిల్ల. భోజనాలయ్యాక పిల్ల నిద్రపోతే తలుపు దగ్గరికి వేశాం. హాలు నిండా ఆడవాళ్లు. మా పెద్దమ్మ తెనాలి నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, బీపీకి నీళ్ల మాత్ర వేసుకుంటుంది. ఆ మాత్ర పనే ఒంట్లోని ఉప్పునీ నీటినీ బయటికి పంపడం. వేసుకున్నాక గంట గంటకీ లేవక తప్పదు.

వంటగది గుమ్మం దగ్గరికి వచ్చి, “అమ్మాయ్, బాలింత పడుకుందా?” అని అడిగింది. “ఆ, ఇప్పుడే పడుకుంది పెద్దమ్మా” అన్నాను. సరే అని వెళ్లి కూర్చుంది. కాసేపటికి మెట్ల దగ్గరికి నడిచి, రెయిలింగ్ మీద చెయ్యేసి పైకి చూసి, మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను ఇచ్చిన మజ్జిగ గ్లాసు ముట్టలేదు, కుర్చీ కింద అలాగే ఉంది. నుదుటి మీద చెమట. ఎండకి అనుకుని ఫ్యాన్ ఆమె వైపు తిప్పాను.

అప్పుడు మా ఇంట్లో పనిచేసే ఆమె ఎంగిలి ఆకులు తీస్తూ నా పక్కకి వచ్చి మెల్లగా చెప్పింది. “అమ్మా, ఆ పెద్దావిడకి బాత్రూంకి వెళ్లాలి. మిమ్మల్ని అడగడానికి మొహమాటపడుతున్నారు.”

నేను వెంటనే చెయ్యి పట్టుకుని బెడ్‌రూంలోంచి తీసుకెళ్లాను. తలుపు చప్పుడుకి పిల్ల లేచి ఏడుపు అందుకుంది. పెద్దమ్మ బయటికొచ్చాక బస్సెక్కేదాకా అదే మాట, “పాపం, పసిదాన్ని లేపేశాను.” మునిమనవరాలిని ఎత్తుకుని దీవించి వెళ్లాల్సిన మనిషి తప్పు చేసినదానిలా వెళ్లింది. ఆ తప్పు ఆమెది కాదు, ఆ ఇంటి ప్లానుది.

సాయంత్రం అంట్ల దగ్గర పనిచేసే ఆమెని అడిగాను, పెద్దమ్మ సంగతి నీకెలా తెలిసిందని. “నాకు తెలియదా అమ్మా, నేను రోజూ అలాగే కదా ఉండేది” అంది. పనికి బయల్దేరే ముందు నీళ్లు తాగదట. నాలుగిళ్ల పని అయ్యాక, మధ్యాహ్నం ఇంటికెళ్లి తాగుతుందట. నాలుగిళ్లలో ఎవరూ ఇక్కడికి వెళ్లు అని చెప్పలేదు, తను అడగలేదు. మా ఇంట్లో ఆ అటాచ్డ్ బాత్రూం కమోడ్ కడిగేది ఆమే. రోజూ కడుగుతుంది, ఒక్కసారి వాడుకోలేదు. ఆడవాళ్లు అలా నీళ్లు తాగకుండా, ఆపుకుంటూ ఉంటే యూరిన్ ఇన్ఫెక్షన్లు వస్తాయని ఏ డాక్టరమ్మని అడిగినా చెబుతుంది. ఆమెకి అప్పటికే చాలాసార్లు వచ్చి తగ్గిందని, మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకుందని తర్వాత తెలిసింది.

మీరు అడిగింది మీ కుటుంబానికి ఏది ఉపయోగమని, నేను చెబుతున్నది వేరేవాళ్ల గురించి అనిపించవచ్చు. కానీ నాకు అసలు సంగతి ఇదే. కింద హాల్లోకి తెరుచుకునే టాయిలెట్ కావాలని గొంతెత్తి అడిగేవాళ్లు ఇంట్లో ఎవరూ ఉండరు. మీకు పైన మీ గదిలో ఉంటుంది. స్టోర్ రూం కావాలని మాత్రం ఇంట్లో అందరూ అడుగుతారు. టాయిలెట్ అవసరమైనవాళ్లు ముసలివాళ్లు, చుట్టాలు, పనివాళ్లు, కరెంటు పనికి వచ్చిన కుర్రాడు, గ్యాస్ బండ మోసుకొచ్చిన మనిషి. వాళ్లలో ఎవరినీ ప్లాన్ గీసేటప్పుడు పిలిచి అడగం. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైన దగ్గర్నుంచి ఇంటింటికీ మరుగుదొడ్డి అని ఊరూరా గోడల మీద రాశారు, చాలా కట్టారు కూడా, మంచిదే. కానీ రోజులో సగం ఇతరుల ఇళ్లలో గడిపే మనిషికి సొంతింట్లో ఉన్నది ఆ సగం రోజు ఎలా పనికొస్తుంది? అపార్ట్‌మెంట్లలో ఇంకా అన్యాయం. కోట్లు పెట్టి కొంటారు, పార్కింగ్‌లో వాచ్‌మన్ గది పక్కన పనివాళ్లకని ఒకటి కడతారు, దానికి బల్బు ఉండదు, నీళ్లు రావు, కొన్నిచోట్ల తాళం కూడా వేసి ఉంటుంది.

మా తమ్ముడు ఉండే ఇంగ్లండ్‌లో 1999 చివరి నుంచి కొత్తగా కట్టే ఇళ్లకు, వీధి తలుపు ఉన్న అంతస్తులోనే టాయిలెట్ ఉండాలని నిబంధన తెచ్చారు. మెట్లెక్కలేని మనిషి కూడా ఆ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లగలగాలని. మనకి అలాంటి నిబంధన అక్కర్లేకుండానే తట్టాల్సిన విషయం ఇది.

ఇక స్టోర్ రూం. మాది ఖాళీ చేసినప్పుడు ఏం బయటికొచ్చాయో చెబుతాను. పాడైపోయిన కూలర్, టీవీ కొన్నప్పటి అట్టపెట్టె, మోటారు కాలిపోయిన గ్రైండర్, మా ఆయన చదువుకునేటప్పటి సైకిల్, గృహప్రవేశానికి చుట్టాలు పెట్టిన స్టీల్ సామాన్లు మూట విప్పకుండా. నిజంగా వాడేవి ఆవకాయ జాడీలు, బియ్యం బస్తా, బొమ్మల కొలువు పెట్టె, పండగలకి తీసే ఇత్తడి గంగాళం, అంతే. పూర్వం సంవత్సరానికి సరిపడా బియ్యం, మినుములు, చింతపండు, మిరపకాయలు ఒకేసారి కొని పెట్టుకునేవాళ్లు, అప్పుడు కొట్టు గది అవసరం. ఇప్పుడు ఎవరు కొంటున్నారు? బియ్యం నెలకో బస్తా వస్తుంది. అది కూడా 2022 జూలైలో 25 కిలోల వరకు ప్యాకెట్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశాక 26 కిలోల బస్తా అయింది, పన్ను తప్పించుకోవడానికి ఒక కిలో ఎక్కువ పోశారు. ఆ ఒక్క బస్తా కోసం గది కట్టాలా? మా జాడీలు వంటగది సజ్జ కింద అరలోకి వెళ్లాయి, కొలువు పెట్టె బెడ్‌రూం సజ్జ మీదికి ఎక్కింది. మెట్లు కిందికి దిగే కొసన, మనిషి నిలబడలేని ఆ మూలలో, చెక్క తలుపులు పెట్టించి చీపుర్లు, చెప్పులు, గంగాళం సర్దాం. మిగిలినవి పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. ఇంతవరకు వాటిని అడిగినవాళ్లు లేరు.

వాస్తు సంగతి మీ ఇంట్లో కూడా వస్తుంది. మా అత్తయ్య చాలా బాధపడింది, మెట్ల కింద మరుగుదొడ్డి దరిద్రం అని సిద్ధాంతిగారు చెప్పారని. నేను ఆమెతో వాదించలేదు, కానీ నా అభిప్రాయం గట్టిదే. ఇంట్లో మరుగుదొడ్డి వద్దన్న రోజుల్లో నీళ్ల ట్రాప్ ఉన్న కమోడ్‌లు లేవు. ఆ పాయిఖానాలు మనుషులు చేతులతో ఎత్తేవాళ్లు. ఆ ఘోరాన్ని ఆపడానికి 1993లో ఒకటి, 2013లో ఒకటి చట్టాలు చేయాల్సి వచ్చింది. అది ఇంటికి దూరంగా ఉండాలనడంలో అర్థముంది. ఇప్పటి కమోడ్ గొంతులో కనీసం 50 మిల్లీమీటర్ల నీరు ఎప్పుడూ నిలిచి ఉంటుంది, పైపులోని వాసన దాన్ని దాటి రాదు. మీ మెట్లు ఈశాన్యంలో ఉంటే వేరే మాట, అక్కడ పెట్టమని మీ పెద్దవాళ్లని ఒప్పించడం కష్టం. దక్షిణం, పడమర వైపు ఉంటే ఒప్పుకుంటారు. మా అత్తయ్యే ఇప్పుడు ఎక్కువగా వాడేది అదే.

కట్టేటప్పుడు చూసుకోవాల్సింది ఎత్తు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం విడి టాయిలెట్‌కి కనీసం 0.9 మీటర్ల వెడల్పు, 1.1 చదరపు మీటర్ల జాగా ఉండాలి, అంటే సుమారు 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు. ఎత్తు 2.1 మీటర్లు, దగ్గర దగ్గర 7 అడుగులు. పొడవు ఇంకో అడుగు ఉంటే ముసలివాళ్లకి సుఖం. పది అడుగుల ఎత్తున్న ఇంట్లో మధ్య ల్యాండింగ్ కింద దొరికేది 5 అడుగులే, అక్కడ పెడతానన్న మేస్త్రి మాట వినకండి. ఎత్తు కోసం నేల తవ్వి దించుతామంటారు. అదీ వద్దు, నేల దిగితే పైపుకి వాలు పోతుంది, వానాకాలంలో వీధి నీళ్లు వెనక్కి తంతాయి. రెండో వరస మెట్ల కింద ఎత్తైన వైపు తలుపు, నిలబడే చోటు పెట్టి, తక్కువ ఎత్తు వైపు కమోడ్, ఫ్లష్ ట్యాంకు పెట్టించండి. పైపు 4 అంగుళాలది. ప్రతి 40 అడుగుల పొడవుకి ఒక అడుగు వాలు లెక్కన సెప్టిక్ ట్యాంకు దాకా వెళ్లగలదా అని ప్లంబర్‌ని పునాదుల్లో మట్టి ఫిల్లింగ్ చేయకముందే అడగండి. కిటికీకి దారి లేకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పదు, దాని గొట్టం బయటికి తీయాలి, హాల్లోకి కాదు.

తలుపు తప్పకుండా బయటికే తెరుచుకోవాలి. లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడితే, లోపలికి తెరుచుకునే తలుపుకి ఆ మనిషే అడ్డమవుతారు, బయటి నుంచి తీయలేం. మా వడ్రంగి చూడ్డానికి బాగోదని చాలా వాదించాడు, నేను వినలేదు. గోడకి పట్టుకుని లేవడానికి ఒక స్టీల్ రాడ్, గరుకు టైల్స్, లైట్ స్విచ్ బయట. వాడని రోజుల్లో ఎండాకాలం ట్రాపులో నీళ్లు ఎండిపోయి వాసన వస్తుంది, వారానికోసారి ఒక మగ్గు నీళ్లు నేల జాలీలో పోస్తే సరిపోతుంది. కట్టిన ఇల్లు పగలగొట్టి పెట్టాం కాబట్టి మాకు పెద్ద ఫ్రిజ్ ఖరీదంత అయింది. మీకు గోడలు ఇంకా లేవలేదు కాబట్టి అంత కాదు.

గృహప్రవేశం అయ్యాక మీ ఇంట్లో పనికి కుదిరే ఆమెకి మొదటి రోజే ఆ తలుపు చూపించి, “ఇది వాడుకోమ్మా, ప్రతిసారీ నన్ను అడగక్కర్లేదు” అని మీరే చెప్పండి. చెప్పకపోతే వాళ్లు వాడరు. మేం కట్టించాక కూడా మా ఇంట్లో ఆమె దాన్ని కడిగి, తలుపు వేసి వెళ్లిపోయేది. నేను ఆ మాట అన్న తర్వాతే వాడటం మొదలుపెట్టింది, ఇప్పుడు మా ఇంట్లో ఉండగానే నీళ్లు తాగుతోంది.