ప్రదర్శన మారేలోపు ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్లండి

"సాంస్కృతిక కేంద్రం ఒకసారి చూసేశాం. చరిత్ర ప్రదర్శనలు మారుస్తుంటారట. మళ్లీ వెళ్తే కొత్తగా చూసేదేమైనా ఉంటుందా?" అని అడిగారు. ఉంటుంది. ఐదేళ్లుగా మా దగ్గర్లో ఉన్న అలాంటి కేంద్రానికి వెళ్తున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

మొదట్లో నాదీ మీ అనుమానమే. పాత ఉత్తరాల ప్రదర్శన పెట్టారని తెలిసినా ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం అనుకుంటూ వచ్చాను. తీరా వెళ్లేసరికి గాజు పెట్టెలు ఖాళీ, గోడకి ఒక నిచ్చెన ఆనించి ఉంది. "మళ్లీ ఎప్పుడు పెడతారండీ?" అని అడిగితే అక్కడ పనిచేసే ఆవిడ, "ఇప్పట్లో పెట్టరండీ, ఆ కాగితాలకి కొన్నాళ్లు విశ్రాంతి కావాలి" అన్నారు.

ఆ విశ్రాంతి ఏమిటో ఆవిడే ఓపిగ్గా చెప్పారు. కాగితం, బట్ట, పాత ఫొటోలు వెలుతురు తగిలేకొద్దీ వెలిసిపోతాయి. చీకట్లో దాచిపెడితే ఆ నష్టం ఆగుతుందే గానీ పోయిన రంగు తిరిగి రాదు. మళ్లీ బయట పెట్టినప్పుడు పాత నష్టానికి కొత్తది కలుస్తుంది. అందుకే ఇలాంటి వాటి మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే కొలత) మించకుండా చూసుకుంటారు, కొన్ని నెలలు చూపించి లోపల భద్రపరుస్తారు. గది మసగ్గా ఉందని విసుక్కోకండి. గుమ్మం దాటాక రెండు నిమిషాలు నిలబడితే కళ్లు అలవాటు పడతాయి. ఫ్లాష్ మాత్రం వాడొద్దు.

ఆ తర్వాత ఏ ప్రదర్శననీ వదల్లేదు. ఒకసారి పాత లెక్కల పుస్తకాలు పెట్టారు. ఒక పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయాను. అప్పట్లో ఇనుము కలిసిన సిరా వాడేవారు. మొదట్లో నల్లగా ఉన్న గీత కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది, కొన్నిచోట్ల కాగితాన్నే తినేస్తుంది. ఆ పేజీలో ఒక అంకె ఉండాల్సిన చోట సరిగ్గా ఆ అంకె ఆకారంలోనే చిల్లు పడి ఉంది, అందులోంచి వెనక పేజీ కనిపిస్తోంది. ఇంటర్నెట్‌లో అదే పేజీ ఫొటో చూస్తే నాకు అది చిల్లని తెలిసేది కాదు.

అన్నీ ఒకే రోజు చూసెయ్యాలని మాత్రం పెట్టుకోకండి. వంగి, మెడ సాచి, లేబుళ్లు చదివి చదివి మనిషి ఎలా అలిసిపోతాడో అమెరికాలో బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ అనే ఆయన ఫొటోలు తీసి మరీ 1916లోనే వ్యాసం రాశారు. నేను ముందు లేబుళ్లు చదవకుండా ఒక చుట్టు తిరుగుతాను. కాళ్లు ఎక్కడ ఆగితే అక్కడే నిలబడి నింపాదిగా చూస్తాను. నాలుగు వస్తువులు బాగా చూసినా ఆ పూటకి చాలు.

మొదటి వారాల్లో ఒకసారి, ముగిసేలోపు ఇంకోసారి వెళ్లడం నా అలవాటు. రెండోసారి ఎందుకంటారేమో, ఒక సంగతి చెప్తాను. స్కూలు పిల్లల గ్రూప్ ఫొటో ఒకటి పెట్టి, కింద కార్డు మీద "పేర్లు తెలియవు" అని రాశారు. నెలన్నర తర్వాత వెళ్తే ఆ కార్డు మార్చేశారు, కొత్త దాని మీద రెండు పేర్లున్నాయి. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన ముందు వరసలో వాళ్లక్కనీ, పక్కనే ఆవిడ స్నేహితురాలినీ గుర్తుపట్టారట. అది విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అప్పటినుంచి మా అమ్మని తీసుకెళ్లకుండా ఏ ప్రదర్శనకీ వెళ్లడం లేదు. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటే వెంటబెట్టుకుని వెళ్లండి. కూర్చోడానికి కుర్చీ కావాలంటే అడగండి.

బయల్దేరే ముందు ఒక ఫోన్ చేసి ముగింపు తేదీ కనుక్కోండి. ఒకటి తీసి ఇంకోటి పెట్టే మధ్యలో కొన్ని రోజులు గ్యాలరీ మూసేస్తారు.